కౌమార క్రీడాకారులలో శరీర సమతుల్యత

శరీర సమతుల్యత అనగా నిలబడినపుడు, నడచినపుడు, పరుగెత్తినపుడు, ఎగిరి నేలమీద దిగినపుడు శరీరం పడిపోకుండా దానిని అదుపులో ఉంచుకొనే సామర్థ్యం. బలం, వేగం, ఓర్పు, వంపుదనం వలెనే ఇది కూడ క్రీడాకారునికి కావలసిన మౌలిక శక్తులలో ఒకటి. 10 నుండి 19 సంవత్సరాల మధ్య వయస్సును కౌమారదశగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తున్నది. ఈ దశలో ఎముకలు వేగంగా పెరుగుతాయి, బరువు మారుతుంది. అందువలన అంతవరకు బాగా ఆడిన పిల్లలు సైతం కొంతకాలం తడబడుతూ కనిపిస్తారు. చీలమండ బెణుకులు, మోకాలి గాయాలు ఈ వయస్సులో సాధారణం. సమతుల్యతను పరీక్షించడం, అభ్యాసంతో పెంపొందించడం ఈ గాయాలను తగ్గించే మార్గాలలో ఒకటి. దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు.

గుంటూరు, ప్రకాశం ప్రాంతపు మైదానాలకు, వాడరేవు వంటి తీరగ్రామాలకు ఈ విషయంతో ప్రత్యేకమైన సంబంధం ఉన్నది. ఇక్కడి పిల్లలు నల్లరేగడి నేలమీద, సముద్రపు ఇసుకమీద ఆడతారు. ఈ రెండు నేలలూ పాదానికి పెట్టే పరీక్షలు వేరు వేరు.

భౌతికశాస్త్ర పరిచయం

ఒక వస్తువు భారమంతా ఏ బిందువువద్ద కేంద్రీకృతమై ఉన్నట్లు భావించవచ్చునో దానిని గరిమనాభి అంటారు. నిటారుగా నిలబడిన మనిషిలో గరిమనాభి నాభికి కొంచెం దిగువన, త్రికాస్థికి ముందు భాగాన ఉంటుంది. రెండు పాదాలు, వాటి మధ్యనున్న స్థలం కలిపి ఆధార తలం అవుతుంది. గరిమనాభి నుండి నేలకు గీసిన నిట్టనిలువు రేఖ ఆధార తలం లోపల పడినంతవరకు మనిషి నిలబడగలడు. బయట పడితే అడుగు వేయాలి, లేదా పడిపోవాలి.

దీనినిబట్టి మూడు విషయాలు గ్రహించవచ్చును.

* ఆధార తలం ఎంత విశాలమైతే నిలకడ అంత ఎక్కువ. కబడ్డీలో పట్టుకొనేవారు కాళ్ళు ఎడంగా పెట్టడానికి కారణం ఇదే.
* గరిమనాభి ఎంత దిగువన ఉంటే నిలకడ అంత ఎక్కువ. మోకాళ్ళు వంచి నిలబడమని శిక్షకులు చెప్పేది అందుకే.
* నిలకడ ఎక్కువైతే చురుకుదనం తగ్గుతుంది. త్వరగా కదలవలసిన ఆటగాడు నిలకడను కొంత వదులుకొని ముందుకు మొగ్గి నిలబడతాడు. కావున ఆటలో కావలసినది కదలని నిలకడ కాదు, కోల్పోయిన నిలకడను వెంటనే తిరిగి పొందగలిగే నేర్పు.

సమతుల్యతను రెండు విధాలుగా విభజిస్తారు. విల్లు ఎక్కుపెట్టినపుడు వలె ఒకే భంగిమలో నిలిచి ఉండడం స్థిర సమతుల్యత. పరుగు, గెంతు, మలుపులలో చూపేది చలన సమతుల్యత. ఒకదానిలో రాణించినవారు రెండవదానిలో తప్పక రాణిస్తారని చెప్పడానికి వీలులేదు.

శరీరం నిలబడే విధానం

మనిషి ఎంత కదలకుండా నిలబడ్డాననుకొన్నా శరీరం నిరంతరం ముందుకు, వెనుకకు, ప్రక్కలకు స్వల్పంగా ఊగుతూనే ఉంటుంది. అరచేతిలో కర్రను నిలబెట్టిన పిల్లవాడు చేతిని కొద్ది కొద్దిగా కదుపుతూ కర్రను పడిపోకుండా కాపాడినట్లే మెదడు కూడ కండరాలను క్షణక్షణం సవరిస్తూ శరీరాన్ని నిలబెడుతుంది. ఈ పనికి మూడు మార్గాల నుండి సమాచారం అందుతుంది.

1. కన్ను: చుట్టూ ఉన్న గోడ, స్తంభం, దిగంతరేఖ వంటివాటితో పోల్చి శరీరం ఎటు వాలుతున్నదో తెలుపుతుంది.

2. అంతర చెవి: ఇందులో ఒకదానికొకటి లంబంగా ఉన్న మూడు అర్ధవృత్తాకార కుల్యలు తల తిరుగుడును గ్రహిస్తాయి. యుట్రిక్యులస్, శాక్యులస్ అనే రెండు సంచులు తల వాలును, సరళరేఖలో వేగపు మార్పును గ్రహిస్తాయి. ఈ సమాచారం ఎనిమిదవ కపాలనాడి ద్వారా మెదడుకు చేరుతుంది.

3. స్పర్శ, కీళ్ళ జ్ఞానం: అరికాలి చర్మం నేల ఒత్తిడిని తెలుపుతుంది. కండరాలలో, స్నాయుబంధనాలలో, కీళ్ళను కలిపే సంధి బంధనాలలో (వీటినే లిగమెంట్లు అంటారు) ఉన్న గ్రాహకాలు కీలు ఏ కోణంలో ఉన్నదో తెలుపుతాయి. కళ్ళు మూసుకొని కూడ చూపుడువేలితో ముక్కుకొనను తాకగలగడానికి ఈ జ్ఞానమే ఆధారం.

ఈ మూడు వార్తలను అనుమస్తిష్కం, మెదడు కాండం, మస్తిష్క వల్కలం కలిసి సరిపోల్చుకొంటాయి. మూడింటిలో ఒకటి లోపించినపుడు మిగిలిన రెండింటిమీద ఆధారపడతాయి. చీకటిలో నడిచేటపుడు అడుగులు తడుముకొంటూ వేయడం, కదిలే పడవలో దూరపు తీరాన్ని చూస్తే తల తిరుగుడు తగ్గడం ఇందుకు ఉదాహరణలు.

శరీరం కొద్దిగా వాలినపుడు చీలమండ వద్ద మాత్రమే సవరించుకొంటుంది. ఎక్కువగా వాలినపుడు, లేక నిలబడిన చోటు ఇరుకైనపుడు నడుమును వంచి సవరించుకొంటుంది. అదికూడ చాలనపుడు అడుగు వేస్తుంది. పొలం గట్టుమీద నడిచేవాడు చేతులు చాచి నడుమును అటూ ఇటూ ఆడించడం రెండవ పద్ధతికి చక్కని నిదర్శనం.

కౌమారదశలో వచ్చే మార్పులు

బాలికలలో సుమారు 12 సంవత్సరాల వయస్సులో, బాలురలో సుమారు 14 సంవత్సరాల వయస్సులో ఎత్తు అత్యంత వేగంగా పెరుగుతుంది. ఆ కాలంలో ఏడాదికి 8 నుండి 10 సెంటీమీటర్ల వరకు పెరగడం కద్దు. ముందు కాళ్ళు, తరువాత మొండెం పెరుగుతాయి. ఎముక పొడవు పెరిగిన వెంటనే కండర బలం అంతే పెరగదు. గరిమనాభి పైకి జరుగుతుంది. పాత కొలతలకు అలవాటుపడిన మెదడు కొత్త కొలతలను నేర్చుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది.

జ్ఞానేంద్రియాల సమన్వయం కూడ ఒక్కసారిగా పరిపక్వం కాదు. చిన్నపిల్లలు ప్రధానంగా చూపుమీద ఆధారపడతారు. కీళ్ళ జ్ఞానాన్ని వాడుకొనే శక్తి ముందుగా, అంతర చెవి సమాచారాన్ని పెద్దలవలె వాడుకొనే శక్తి అన్నిటికంటె ఆలస్యంగా, సుమారు 15, 16 సంవత్సరాల వరకు పెంపొందుతూ ఉంటాయని పరిశోధనలు తెలుపుతున్నవి.

ఈ తడబాటు పిల్లలందరిలోనూ ఒకే విధంగా ఉండదు. కొందరిలో స్పష్టంగా కనబడుతుంది, కొందరిలో అసలు కనబడదు. కనబడినవారిని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు అశ్రద్ధగా ఆడుతున్నారని మందలించడం, జట్టునుండి తొలగించడం తరచుగా జరుగుతుంది. ఏడవ తరగతిలో బాగా ఆడిన బాలిక తొమ్మిదవ తరగతిలో ఆట మానివేయడానికి ఇతర సామాజిక కారణాలతోపాటు ఇది కూడ తోడు కాగలదు. ఈ దశ తాత్కాలికమని తెలిసినపుడు ఆ నష్టాన్ని నివారించవచ్చు.

వయస్సు ఒకటే అయినా శరీర పరిపక్వత ఒకటి కాదు. పాఠశాల క్రీడలు 14, 17, 19 సంవత్సరాల లోపు విభాగాలుగా జరుగుతాయి. 14 సంవత్సరాల లోపు జట్టులో ఇంకా ఎదగని బాలుడు, అప్పటికే ఎదిగిన బాలుడు ప్రక్కప్రక్కనే ఆడతారు. కావున మూడు నెలలకొకసారి ఎత్తును కొలిచి నమోదు చేయడం శిక్షకునికి చాల ఉపయోగకరం. ఎత్తు హఠాత్తుగా పెరుగుతున్న నెలలలో గెంతులు, బరువులు తగ్గించి సమతుల్యతా వ్యాయామాలను పెంచాలి.

వివిధ క్రీడలలో సమతుల్యత

కబడ్డీ: చెడుగుడు అని కూడ పిలువబడే ఈ ఆటలో కూతకు వెళ్ళినవాడు ఒంటికాలిమీద నిలిచి రెండవ కాలితో ప్రత్యర్థిని తాకడానికి ప్రయత్నిస్తాడు. అదే సమయంలో ఎదుటివారు అతని చీలమండను పట్టుకొంటారు. ఆధార తలం ఒక్క పాదమే అయినపుడు బయటి శక్తి తగలడం సమతుల్యతకు అత్యంత కఠినమైన పరీక్ష.

ఖోఖో: స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకొని తిరిగేటపుడు ఆటగాడు లోపలివైపుకు వాలతాడు. కూర్చున్న స్థితి నుండి లేచి పరుగు తీయడంలో గరిమనాభి ఒక్కసారిగా ముందుకు జరుగుతుంది.

వాలీబాల్, బ్యాడ్మింటన్: ఎగిరి ఒంటికాలిమీద దిగడం ఈ రెండింటిలోనూ సాధారణం. చీలమండ, మోకాలి గాయాలలో ఎక్కువ భాగం ఇలా దిగేటపుడే కలుగుతాయి.

వెయిట్‌లిఫ్టింగ్: స్నాచ్ పద్ధతిలో బరువును ఒకే ఊపులో తలపైకి ఎత్తి, లోతుగా గొంతుకూర్చుని, ఆపై లేచి నిలబడాలి. పాదాలు ఒకే వరుసలో ఉండి శరీరం కదలకుండా నిలిచిన తరువాతనే న్యాయనిర్ణేతలు దించమని సంకేతం ఇస్తారు. ఇక్కడ మనిషి గరిమనాభితో కాక, మనిషి, బరువు కలిసిన ఉమ్మడి గరిమనాభితో పని. అది పాదాల మధ్య నుండి కొన్ని సెంటీమీటర్లు తొలగినా బరువు చేజారుతుంది. బాపట్ల, చీరాల పట్టణాల మధ్యనున్న స్టూవర్టుపురానికి చెందిన రాగాల వెంకట్ రాహుల్ కౌమారంలోనే ఈ క్రీడలో రాణించి, 2014లో చైనాలోని నాంజింగ్‌లో జరిగిన యువజన ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో రజత పతకం సాధించాడు. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో 85 కిలోల విభాగంలో స్నాచ్‌లో 151, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణ పతకం గెలుచుకొన్నాడు.

విలువిద్య: కాంపౌండ్ విల్లు పోటీలలో లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంటుంది. పది పాయింట్ల వలయపు వ్యాసం 8 సెంటీమీటర్లు మాత్రమే. ఇంత దూరంలో శరీరపు అతి స్వల్పమైన ఊపు కూడ బాణాన్ని ప్రక్కకు తప్పిస్తుంది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ చిన్నతనంలో ఈత నేర్చి, తరువాత విలువిద్యకు మారింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో వ్యక్తిగత, జట్టు, మిశ్రమ జట్టు విభాగాలలో మూడు స్వర్ణ పతకాలు సాధించింది.

జిమ్నాస్టిక్స్: క్రీడలవారీగా పోల్చిన అధ్యయనాలలో జిమ్నాస్టులు సమతుల్యతలో అగ్రస్థానంలో ఉంటారు. హైదరాబాదుకు చెందిన బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ కప్ పోటీలో వాల్ట్ విభాగంలో కాంస్య పతకం పొందింది. 2019లో మోకాలి సంధి బంధనం గాయపడి శస్త్రచికిత్స చేయించుకొన్నది. 2021లో కైరోలో జరిగిన ఫారోస్ కప్‌లో స్వర్ణాలు గెలిచి తిరిగి నిలదొక్కుకొన్నది.

నేల స్వభావం: వాడరేవు ఇసుక, నల్లరేగడి మైదానం

వాడరేవు చీరాల పట్టణానికి సమీపాన బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామం. ఈ ప్రాంతం 1970 వరకు గుంటూరు జిల్లాలోను, ఆ తరువాత ప్రకాశం జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి బాపట్ల జిల్లాలో చేరింది.

పొడి ఇసుకలో పాదం ప్రతి అడుగుకూ వేరొక దిశలో కూరుకుపోతుంది. అందుచేత చీలమండ చుట్టూ ఉన్న చిన్న కండరాలు ఎడతెగక పనిచేయవలసి వస్తుంది. ఇసుకలో పరుగెత్తడానికి గట్టినేలమీద కంటె సుమారు 1.6 రెట్లు, నడవడానికి రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుందని 1998లో బెల్జియం శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నేల మెత్తగా ఉండుటవలన ఎగిరి దిగినపుడు కీళ్ళకు తగిలే దెబ్బ తక్కువ. ఈ రెండు గుణాలవలన ఇసుక మంచి శిక్షణా స్థలం అవుతుంది. అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం.

* ఒడ్డు సముద్రంవైపుకు వాలుగా ఉంటుంది. ఎల్లప్పుడు ఒకే దిశలో పరుగెత్తితే ఒక కాలు దిగువన, ఒక కాలు ఎగువన పడి నడుముకు, మోకాలికి శ్రమ కలుగుతుంది. వెళ్ళిన దూరమే తిరిగి రావాలి.
* మొదట తడి ఇసుకమీద, అలవాటైన తరువాత పొడి ఇసుకమీద సాధన చేయాలి. మొదటి వారాలలో 10, 15 నిమిషాలు చాలు.
* గాజుపెంకులు, గవ్వలు, తెగిన వల ముక్కలు లేకుండా ముందుగా స్థలాన్ని శుభ్రం చేయాలి.
* వ్యాయామం ఒడ్డునే చేయాలి. అలలలో నిలబడి చేయడం ప్రాణాపాయం.

తీరగ్రామాలలో పెరిగిన పిల్లలు చిన్ననాటి నుండి తెప్పమీద, పడవ అంచున నిలబడడం అలవాటు చేసుకొంటారు. కదిలే ఆధారంమీద మోకాళ్ళు కొంచెం వంచి, చూపును దూరంగా నిలిపి నిలబడే ఆ పద్ధతినే ఆధునిక శిక్షణలో ఊగుడు పలకమీద నేర్పుతున్నారు.

మైదానంలో పరిస్థితి వేరు. ప్రత్తి, మిరప పండే నల్లరేగడి నేల వానకు ఉబ్బి కాళ్ళకు అంటుకొంటుంది, ఎండకు కుంచించుకొని బీటలు వారుతుంది. వేసవిలో పాఠశాల మైదానంలోని నెర్రెలు, పంట కోసిన చేలలోని ప్రత్తిమోళ్ళు, మిరపమోళ్ళు చీలమండకు ప్రమాదకరం. ఆటకు ముందు నెర్రెలను మట్టితో లేదా ఇసుకతో పూడ్చి, నీరు చల్లి, చదును చేయడం ఏ వ్యాయామానికీ తీసిపోని నివారణోపాయం.

గ్రామీణ క్రీడలు, నృత్యం, యోగ

తెలుగునాట పిల్లల ఆటలలో సమతుల్యతా సాధన సహజంగా ఇమిడి ఉన్నది. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలిమీద గెంతుతూ, వంగి బిళ్ళను తీసి, గీతను తొక్కకుండా తిరిగి రావాలి. ఇది నేటి వ్యాయామ గ్రంథాలలోని ఒంటికాలి గెంతు అభ్యాసానికి ఏమాత్రం తీసిపోదు. కుంటుడు ఆటలో ఒంటికాలిమీద గెంతుతూనే తప్పించుకొనేవారిని పట్టుకోవాలి. ఒప్పులకుప్పలో ఇద్దరు బాలికలు చేతులు పెనవేసుకొని, వెనుకకు వాలి, గిరగిర తిరుగుతారు. ఆగిన తరువాత కూడ అర్ధవృత్తాకార కుల్యలలోని ద్రవం కొంతసేపు కదులుతూ ఉండుటచేత తల తిరిగినట్లనిపిస్తుంది. తరచుగా ఆడేవారికి ఇది క్రమంగా తగ్గుతుంది. కోతికొమ్మచ్చిలో చెట్టుకొమ్మలమీద కదలడం కూడ ఇటువంటిదే.

కృష్ణా జిల్లాలోని కూచిపూడి గ్రామంలో పుట్టిన నృత్యంలో తరంగం అనే అంశం ప్రసిద్ధం. నర్తకి ఇత్తడి పళ్ళెం అంచులమీద నిలబడి, ఒక్కొక్కసారి తలమీద నీటిచెంబుతో, తాళానికి అనుగుణంగా పళ్ళేన్ని కదుపుతూ నర్తిస్తుంది. యోగాసనాలలో వృక్షాసనం, గరుడాసనం, నటరాజాసనం ఒంటికాలి నిలకడను పెంపొందిస్తాయి.

పరీక్షా విధానాలు

రోంబెర్గ్ పరీక్ష: 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు మోరిట్జ్ హైన్రిఖ్ రోంబెర్గ్ పేరుమీద ప్రసిద్ధమైనది. పాదాలు దగ్గరగా చేర్చి, మొదట కళ్ళు తెరిచి, తరువాత మూసి నిలబడాలి. కళ్ళు మూసినపుడు ఊపు బాగా పెరిగితే కీళ్ళ జ్ఞానంలో లేక అంతర చెవిలో లోపం ఉన్నదేమో వైద్యులు పరీక్షిస్తారు. ఆరోగ్యవంతులైన క్రీడాకారులకు ఇది చాల తేలిక కనుక వారి మధ్య తేడాలు చూపదు.

కొంగ నిలకడ పరీక్ష: చేతులు నడుముమీద ఉంచి, ఒక పాదాన్ని రెండవ మోకాలికి లోపలివైపు ఆనించి, నిలబడిన కాలి మడమను పైకెత్తాలి. ఎన్ని సెకన్లు నిలబడ్డారో కొలుస్తారు.

ఫ్లెమింగో పరీక్ష: ఐరోపా పాఠశాలలకై రూపొందించిన యూరోఫిట్ పరీక్షలలో ఇది ఒకటి. 50 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల ఎత్తు, 3 సెంటీమీటర్ల వెడల్పు గల కర్రమీద ఒంటికాలితో నిలబడాలి. ఒక నిమిషం పూర్తి కావడానికి ఎన్నిసార్లు ఎక్కవలసి వచ్చిందో లెక్కిస్తారు. అంకె తక్కువైతే సమతుల్యత ఎక్కువ.

వై ఆకార పరీక్ష: ఒంటికాలిమీద నిలబడి రెండవ కాలిని ముందుకు, వెనుక లోపలివైపుకు, వెనుక బయటివైపుకు వీలైనంత దూరం చాచాలి. సుద్దముక్కతో నేలమీద మూడు గీతలు గీసి, కొలత టేపుతో ఏ పాఠశాలలోనైనా దీనిని నిర్వహించవచ్చు. మూడు దూరాల మొత్తాన్ని కాలి పొడవుకు మూడు రెట్లతో భాగించి 100 చేత గుణించాలి. ఉదాహరణకు ఒక బాలిక కాలి పొడవు 80 సెంటీమీటర్లు, చాచిన దూరాలు 56, 84, 82 సెంటీమీటర్లు అనుకొందాం. మొత్తం 222. దీనిని 240తో భాగిస్తే 92.5 శాతం వస్తుంది. కుడి, ఎడమ కాళ్ళకు విడివిడిగా లెక్కించి పోల్చాలి.

తప్పుల లెక్కింపు పరీక్ష: రెండు కాళ్ళమీద, ఒంటికాలిమీద, ఒక పాదం వెనుక మరొక పాదం పెట్టి, మూడు భంగిమలలో, గట్టినేలమీద ఒకసారి, మెత్తని స్పాంజిదిమ్మమీద ఒకసారి, కళ్ళు మూసుకొని 20 సెకన్ల చొప్పున నిలబడాలి. కళ్ళు తెరవడం, నడుముమీది చేతులు తీయడం, అడుగు కదపడం వంటివి తప్పులు. తలకు దెబ్బ తగిలిన క్రీడాకారులను పరీక్షించడానికి దీనిని ఎక్కువగా వాడతారు.

ప్రయోగశాలలలో బలమాపక పలకమీద నిలబెట్టి పాదాల క్రింది ఒత్తిడి కేంద్రం ఎంత దూరం, ఎంత వేగంగా కదిలినదో కంప్యూటరు ద్వారా కొలుస్తారు.

గాయాలతో సంబంధం

1965లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు ఫ్రీమన్ చీలమండ బెణికినవారిని పరిశీలించి, సంధి బంధనంతోపాటు అందులోని గ్రాహకాలు కూడ దెబ్బతినుటవలననే కాలు మళ్ళీ మళ్ళీ మడతపడుతున్నదని ప్రతిపాదించాడు. ఊగుడు పలకమీద అభ్యాసం దీనికి చికిత్సగా సూచించాడు. నేటి సమతుల్యతా శిక్షణకు ఇది పునాది.

2006లో అమెరికాలో ఉన్నత పాఠశాల బాస్కెట్‌బాల్ క్రీడాకారులు 235 మందిపై ప్రచురితమైన అధ్యయనంలో, ముందుకు కాలు చాచినపుడు కుడి ఎడమల మధ్య 4 సెంటీమీటర్లకు మించి తేడా ఉన్నవారికి కాలిగాయాల అవకాశం 2.5 రెట్లు అధికంగా కనబడింది. మొత్తం ఫలితం 94 శాతం కంటె తక్కువ ఉన్న బాలికలకు ఆ అవకాశం సుమారు 6.5 రెట్లు. అదే సంవత్సరం 765 మంది ఉన్నత పాఠశాల క్రీడాకారులపై జరిగిన మరొక అధ్యయనం ప్రచురితమైంది. అందులో సమతుల్యతా శిక్షణ పొందినవారిలో 6.1 శాతం మందికి, పొందనివారిలో 9.9 శాతం మందికి చీలమండ బెణికింది.

నార్వేలో 13 నుండి 17 సంవత్సరాల వయస్సుగల ఫుట్‌బాల్ క్రీడాకారిణులు 1,892 మందిపై జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. 20 నిమిషాల సన్నాహక వ్యాయామం చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. కాలిగాయాలన్నింటినీ కలిపి చూసినపుడు మాత్రం తగ్గుదల గణాంకపరంగా నిర్ధారణ కాలేదు. ఫిఫా 11 ప్లస్ అనే పేరుతో ఈ వ్యాయామక్రమం అనేక దేశాలలో వాడుకలో ఉన్నది.

బాలికల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. గెంతులు, మలుపులు ఉన్న ఆటలలో మోకాలిలోని ముందు అడ్డ బంధనం తెగే ప్రమాదం కౌమారం నుండి బాలురకంటె బాలికలకు రెండు మూడు రెట్లు, కొన్ని ఆటలలో అంతకుమించి ఉంటుంది. దిగేటపుడు మోకాలు తక్కువగా వంగడం, లోపలికి ఒరగడం ఇందుకు కారణాలలో ముఖ్యమైనవి. ఈ రెండూ అభ్యాసంతో సరిదిద్దదగినవే.

శిక్షణా క్రమం

వారానికి మూడు రోజులు, రోజుకు 10 నుండి 15 నిమిషాలు, ఆటకు ముందు సన్నాహంలో భాగంగా చేయవచ్చు. ఒక దశను 30 సెకన్లపాటు తడబడకుండా చేయగలిగిన తరువాత పై దశకు వెళ్ళాలి.

1. గట్టినేలమీద చెప్పులు లేకుండా ఒంటికాలిమీద నిలబడడం.
2. అదే భంగిమలో తలను నెమ్మదిగా కుడి ఎడమలకు త్రిప్పడం, ఆపై కళ్ళు మూయడం.
3. మడతపెట్టిన గోనెసంచి, దూదిపరుపు లేక ఇసుకమీద నిలబడడం.
4. ఒంటికాలిమీద నిలబడి ఎదుటివారితో బంతిని విసురుకోవడం, పట్టుకోవడం.
5. నేలమీద గీసిన గడియారపు అంకెలవైపు కాలు చాచడం.
6. ముందుకు, ప్రక్కలకు గెంతి ఒంటికాలిమీద దిగి, మూడు సెకన్లు కదలకుండా నిలవడం.
7. జంటగా నిలబడి ఒకరినొకరు భుజంవద్ద మెల్లగా నెట్టుకోవడం.

దిగేటపుడు మునివేళ్ళు ముందు తాకాలి, మోకాళ్ళు మెత్తగా వంగాలి, మోకాలిచిప్ప పాదపు రెండవ వేలికి సూటిగా ఉండాలి, చప్పుడు తక్కువగా రావాలి. చప్పుడు ఎంత తక్కువో దిగడం అంత చక్కగా ఉన్నట్లు పిల్లలకు సులభంగా బోధపడుతుంది. కళ్ళు మూసి చేసే అభ్యాసాలలో ప్రక్కన మరొకరు తప్పక ఉండాలి. బాగా అలసిన తరువాత సమతుల్యత తగ్గుతుంది గనుక కొత్త అభ్యాసాలను ఆట చివర మొదలుపెట్టరాదు. నడుము, పొట్ట, పిరుదుల కండరాలకు బలం చేకూర్చే వ్యాయామాలు కూడ తోడు కావాలి.

గాయం తరువాత తిరిగి ఆడడం

చీలమండ బెణికినపుడు కట్టు కట్టి, వాపు తగ్గగానే మళ్ళీ మైదానంలోకి దిగడం గ్రామాలలో సర్వసాధారణం. నొప్పి తగ్గడం వేరు, సమతుల్యత తిరిగి రావడం వేరు. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణకడానికి అవకాశం ఎక్కువ. గాయపడిన కాలిమీద ఆరోగ్యమైన కాలితో సమానంగా నిలబడగలగడం, నొప్పి లేకుండా ఒంటికాలితో గెంతగలగడం కనీస ప్రమాణాలుగా తీసుకోవాలి. నాలుగు అడుగులు కూడ వేయలేకపోయినా, చీలమండ ఎముకను నొక్కినపుడు నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. ఎదిగే పిల్లలలో ఎముక చివర ఉండే పెరుగుదల పలకకు దెబ్బ తగిలి ఉండవచ్చు కనుక కట్టుతో సరిపెట్టుకోవడం మంచిది కాదు.

మోకాలి గాయంతో క్రీడాజీవితం ముగిసినట్లే అనే భావన పూర్వం బలంగా ఉండేది. ప్రకాశం జిల్లా (నేటి బాపట్ల జిల్లా) నాగండ్లలో 1973లో జన్మించిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి బంధనం తెగింది. శస్త్రచికిత్సల అనంతరం దీర్ఘకాల సాధనతో కోలుకొని 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలుచుకొన్నాడు. ప్రకాశ్ పదుకోన్ తరువాత ఈ ఘనత సాధించిన రెండవ భారతీయుడతడు.

తలకు దెబ్బ తగిలి తల తిరగడం, తూలడం, వాంతులు, మతిమరుపు కనబడితే ఆ రోజు ఆటలోకి తిరిగి పంపరాదు. వెంటనే వైద్యునికి చూపాలి. దెబ్బ లేకుండానే తరచుగా తూలడం, ఒకవైపుకే ఒరగడం, చెవిలో హోరు, చూపు మసకబారడం వంటి లక్షణాలు ఉంటే అది వ్యాయామంతో సరిచేయవలసిన విషయం కాదు, వైద్యపరీక్ష అవసరం.

పరిమితులు

సమతుల్యతా పరీక్షలు జోస్యం వంటివి కావు. 4 సెంటీమీటర్లు, 94 శాతం వంటి హద్దులు ఒక దేశంలోని ఒక ఆట క్రీడాకారులపై తేలినవి. తరువాతి అధ్యయనాలన్నీ వాటిని సమర్థించలేదు. కావున ఇతరుల అంకెలతో పోల్చడం కంటె అదే విద్యార్థి గత కొలతతో, ఒక కాలిని రెండవ కాలితో పోల్చడం సమంజసం. తక్కువ ఫలితం వచ్చిన విద్యార్థిని జట్టునుండి తొలగించడానికి ఈ పరీక్షలను వాడరాదు. ఎవరికి ఎక్కువ సాధన అవసరమో గుర్తించడానికే అవి ఉద్దేశింపబడినవి.

ఊగుడు పలకమీద నేర్చిన నేర్పు ఆ పలకకే ఎక్కువగా పరిమితమవుతుంది. తీగమీద నడవడం నేర్చినంత మాత్రాన కబడ్డీలో నిలకడ రాదు. అందుచేత ప్రాథమిక అభ్యాసాల తరువాత ఆయా ఆటకు సంబంధించిన కదలికలలోనే సాధన చేయించాలి. శిక్షణ ఆపివేస్తే దాని ఫలితం క్రమంగా తగ్గిపోతుంది. సంవత్సరం పొడవునా కొద్దికొద్దిగా చేయడం పోటీలకు ముందు నెలరోజులు ఎక్కువగా చేయడం కంటె మేలు.

ఇవి కూడా చూడండి

* అంతర చెవి
* అనుమస్తిష్కం
* గరిమనాభి
* కబడ్డీ
* తొక్కుడుబిళ్ళ
* కూచిపూడి నృత్యం
* పుల్లెల గోపీచంద్
* రాగాల వెంకట్ రాహుల్
* వాడరేవు